నాటుదనానికి పట్టా ఎవరిస్తారు? – ‘కౌబాయ్ కార్టర్’ వివాదంలో మూలాల వాదం

ఉపోద్ఘాతం

2025 ఫిబ్రవరి 2న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 67వ గ్రామీ పురస్కార సభలో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా బియాన్సే రూపొందించిన ‘కౌబాయ్ కార్టర్’ ఎంపికైంది. ఆ విభాగంలో గెలిచిన నల్లజాతి కళాకారుల్లో ఆమే మొదటివారు. ఆ రాత్రే సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ పురస్కారం కూడా ఆ సంపుటికే దక్కింది. అంతకు కొద్ది వారాల ముందు, 2024 నవంబరులో నాష్‌విల్ నగరంలో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పురస్కారాల ప్రదానం జరిగింది. అక్కడ ఈ ఆల్బమ్‌కు ఒక్క నామినేషన్ కూడా లేదు. ఒకే కృతి గురించి, ఒకే సంగీత ప్రక్రియ పేరు మీద, రెండు సంస్థలు పరస్పర విరుద్ధమైన తీర్పులు ఇచ్చాయి.

ఈ వైరుధ్యం చుట్టూ సాగిన చర్చ అంతా ఒక్క ప్రశ్న మీద నిలిచింది: ఇది కంట్రీ సంగీతమేనా? కాదన్నవారు సంప్రదాయాన్ని సాక్ష్యంగా పిలిచారు. అవునన్నవారు అంతకంటే పాత సంప్రదాయాన్ని సాక్ష్యంగా పిలిచారు. పైకి ఈ రెండు పక్షాలూ బద్ధ విరోధులుగా కనిపిస్తాయి. నిజానికి రెండింటి కింద ఉన్న పునాది ఒక్కటే: పుట్టుకే యాజమాన్యానికి ప్రమాణమనే నమ్మకం. ఈ నమ్మకాన్ని ప్రశ్నించకుండా ‘కౌబాయ్ కార్టర్’ను మెచ్చుకున్నా, తిరస్కరించినా, విమర్శ తన పని చేసినట్టు కాదు. ప్రక్రియ అనేది భూమిలోంచి మొలిచిన వస్తువు కాదు. కొందరు, ఒక కాలంలో, కొన్ని ప్రయోజనాల కోసం పాతిన హద్దు రాళ్ల వరుస. విమర్శకుడు చదవవలసింది వంశవృక్షాన్ని కాదు, ఆ రాళ్లు పాతిన చరిత్రను. ఈ వ్యాసం ప్రతిపాదించే సిద్ధాంతం ఇదే.

‘జానపదం’ కాదు, ‘నాటు’

ముందుగా ఒక అనువాద దోషాన్ని సరిదిద్దాలి. తెలుగు పత్రికల్లో ‘కంట్రీ మ్యూజిక్’ను తరచుగా ‘జానపద సంగీతం’ అని రాస్తుంటారు. ఈ మాట వాడగానే పాఠకుని మనసులో కర్త తెలియని పాట, నోటి నుంచి నోటికి సాగిన బాణీ, ఊరుమ్మడి సొత్తు అనే భావాలు మెదులుతాయి. కంట్రీ సంగీతం అలాంటిది కాదు. అది 1920లలో గ్రామఫోన్ కంపెనీలు, రేడియో కేంద్రాలు, ప్రచురణ హక్కుల వ్యాపారులు కలిసి నిర్మించిన వాణిజ్య విభాగం. దానిలో జానపద బాణీలు ఉన్నాయి, కాని అది జానపదం కాదు. రిచర్డ్ పీటర్సన్ 1997లో వెలువరించిన ‘క్రియేటింగ్ కంట్రీ మ్యూజిక్’ అనే గ్రంథం ఈ నిర్మాణ క్రమాన్నే వివరించింది. కంట్రీ సంగీతంలో ‘అసలుతనం’ అనేది దొరికినది కాదనీ, తయారైనదనీ ఆయన చూపాడు.

‘కంట్రీ’ అన్న మాటకు తెలుగులో దగ్గరి మాట ‘నాటు’. నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా అన్నప్పుడు ఆ మాటలో స్థానికత ఉంది, కొంత చులకన ఉంది, కొంత గర్వమూ ఉంది. పట్నవాసి ముక్కు చిట్లించి అన్నా నాటే, పల్లెవాసి మీసం దువ్వి చెప్పుకున్నా నాటే. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతివారి నిత్య వ్యవహారంలో ‘కంట్రీ’ అన్న విశేషణానికి సరిగ్గా ఇంతే వ్యాప్తి ఉంది. ‘కౌబాయ్ కార్టర్’లోని తొలి పాట ఈ అర్థ సంఘర్షణతోనే మొదలవుతుంది. తన యాసను మరీ నాటుగా ఉందని వెక్కిరించినవారే, తాను ఈ సంగీతం పాడబోతే నాటుదనం చాలదని తోసిపుచ్చారని అందులో గాయని చెబుతుంది. నాటుసారా కాచిన తాత ప్రస్తావన కూడా ఆ పాటలో వస్తుంది. మనిషికి తగిలించినప్పుడు నిందగా ఉన్న మాట, అంగడి అర మీద రాసినప్పుడు బిరుదుగా మారింది. బిరుదు అయిన తర్వాత నిందకు గురైనవారికి అది అందకుండా పోయింది. ‘జానపదం’ అన్న అనువాదం ఈ మార్పును పూర్తిగా కప్పివేస్తుంది.

హద్దు రాళ్లు పాతిన చరిత్ర

1920లో ఓకే రికార్డ్స్ సంస్థ మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ను విడుదల చేసింది. దాని విక్రయాలు చూసిన తర్వాత నల్లజాతి కొనుగోలుదారులు ఒక ప్రత్యేక విపణి అని వ్యాపారులకు తెలిసింది. 1923లో ఆ సంస్థే జార్జియా రాష్ట్రపు ఫిడేలు వాద్యకారుడు జాన్ కార్సన్ రికార్డును వెలువరించింది. అది దక్షిణాది తెల్లజాతి గ్రామీణులను మరో విపణిగా చూపింది. ఈ రెండు ప్రయత్నాలతోనూ సంబంధమున్న వ్యక్తి రాల్ఫ్ పీర్. మొదటి వరుసకు ‘రేస్ రికార్డులు’ అనీ, రెండో వరుసకు ‘హిల్‌బిల్లీ’ అనీ పేర్లు స్థిరపడ్డాయి. ఈ విభజన పాటలో వినిపించే గుణాన్ని బట్టి జరగలేదు. పాడినవారి రంగును, కొంటారని ఊహించిన వారి రంగును బట్టి జరిగింది. అప్పటికి దక్షిణాదిలో నల్లజాతి, తెల్లజాతి వాద్యకారులు ఒకే ఫిడేలు బాణీలను వాయించేవారు. కార్ల్ హాగ్‌స్ట్రామ్ మిల్లర్ తన 2010 నాటి పరిశోధన గ్రంథంలో చూపినట్టు, నల్లజాతి వాద్యకారుల నుంచి కంపెనీలు కోరుకున్నది బ్లూస్ మాత్రమే. వారు వాయించగలిగిన ఫిడేలు, బ్యాంజో నృత్యగీతాల్లో అధిక భాగం రికార్డుకు ఎక్కలేదు. రికార్డుకు ఎక్కనిది చరిత్రకూ ఎక్కలేదు. తర్వాతి తరం ఆ రికార్డులనే ఆధారంగా చూసి, నల్లజాతివారికి ఈ సంగీతంతో సంబంధం లేదని నిర్ధారించింది.

జాబితాల పేర్లు ఈ విభజనకు పరిణత రూపం. 1949లో ‘బిల్‌బోర్డ్’ పత్రిక ‘రేస్ రికార్డులు’ అన్న పేరును ‘రిథమ్ అండ్ బ్లూస్’గా, ‘ఫోక్’ అన్న పేరును ‘కంట్రీ అండ్ వెస్టర్న్’గా మార్చింది. పేర్లు మర్యాదగా మారాయి, హద్దు మారలేదు. జాతిని సూచించే మాట తొలగిపోయి, దాని స్థానంలో శైలిని సూచించే మాట వచ్చింది. అప్పటి నుంచి జాతి విభజన శైలీ విభజనగా కనిపించడం మొదలైంది. నేటి వివాదానికి బీజం ఇక్కడే ఉంది.

హద్దుకు అటూ ఇటూ మనుషులు తిరుగుతూనే ఉన్నారు. 1930లో జిమ్మీ రోడ్జర్స్ పాడిన ‘బ్లూ యోడెల్ నంబర్ 9’లో ట్రంపెట్ వాయించినది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించినది లిల్ హార్డిన్ ఆర్మ్‌స్ట్రాంగ్. కంట్రీ సంగీతానికి ఆద్య కుటుంబంగా పేరొందిన కార్టర్ కుటుంబంలో ఎ. పి. కార్టర్ పాటల సేకరణకు తిరిగినప్పుడు ఆయన వెంట ఉన్నవాడు నల్లజాతి గిటారు వాద్యకారుడు లెస్లీ రిడిల్. కార్టర్ పదాలు రాసుకుంటే రిడిల్ బాణీలను జ్ఞాపకం పెట్టుకునేవాడు. హక్కుల పత్రాల మీద నిలిచినది కార్టర్ పేరు. సేకర్త పేరు మిగిలి, జ్ఞాపకం పెట్టుకున్నవాని పేరు జారిపోవడం జానపద పరిశోధకులకు తెలియని విషయమేమీ కాదు. బియాన్సే ఇంటిపేరు వివాహం వల్ల వచ్చిన కార్టర్. ఆల్బమ్ శీర్షిక యాదృచ్ఛికమైనా కాకపోయినా, ఆ పేరు చదివినప్పుడు రిడిల్ గుర్తుకు రాకపోతే ఆ పఠనం అసంపూర్ణం.

డిఫోర్డ్ బెయిలీ కథ కూడా ఇటువంటిదే. నాష్‌విల్‌లోని ‘గ్రాండ్ ఓల్ ఒప్రీ’ రేడియో కార్యక్రమంలో 1920ల నుంచి మౌత్ ఆర్గాన్ వాయించి ప్రజాదరణ పొందిన నల్లజాతి కళాకారుడు ఆయన. 1941లో ఆయనను తొలగించారు. తర్వాత ఆయన నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే దుకాణంతో జీవించారు. 1982లో మరణించారు. కంట్రీ సంగీత కీర్తిమందిరంలో ఆయనకు చోటు దొరికినది 2005లో.

మొదటి పూర్వపక్షం: ‘ఇది కంట్రీ కాదు’

ఈ పక్షం వాదనలు మూడు రకాలు. మొదటిది శబ్దానికి సంబంధించినది: ఈ ఆల్బమ్‌లో ర్యాప్ ఉంది, రాక్ ఉంది, ఇటాలియన్ గీతఖండం కూడా ఉంది, కాబట్టి ఇది కంట్రీ కాదు. ఈ వాదాన్ని ఖండించడానికి నాష్‌విల్ ఎంపికలే చాలు. షబూజీ అనే నల్లజాతి గాయకుని ‘ఎ బార్ సాంగ్’ 2004 నాటి ఒక ర్యాప్ పాట మీద కట్టినది. 2024లో ఆ పాటకు అదే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ నామినేషన్ దక్కింది. ర్యాప్ కలిస్తే ప్రక్రియ చెడుతుందన్నది సూత్రమైతే, ఆ సూత్రం షబూజీకి వర్తించకుండా బియాన్సేకు మాత్రమే ఎలా వర్తించింది?

ఇక్కడ ఎదుటి పక్షం వెంటనే అడగగల ప్రశ్న ఒకటి ఉంది. షబూజీ కూడా నల్లజాతివాడే కదా, మరి నిరాకరణకు జాతి కారణమని ఎలా అంటారు? ఇది న్యాయమైన ప్రశ్న. ‘అంతా జాతి వివక్షే’ అనే ఏకవాక్య వివరణ దీని ముందు నిలవదు. నిలిచే వివరణ వేరొకటి. షబూజీ పాట కంట్రీ రేడియో మార్గంలో ప్రచారం పొంది, ఆ రేడియో ప్రసారాల జాబితాలో ప్రథమ స్థానానికి చేరింది. బియాన్సే పాట ‘టెక్సస్ హోల్డ్ ఎమ్’ 2024 ఫిబ్రవరిలో విడుదలై, శ్రోతలు స్వయంగా ఎంచుకుని విన్న లెక్కలు కూడా కలిసిన ‘హాట్ కంట్రీ సాంగ్స్’ జాబితాలో ప్రథమ స్థానం పొందింది. ఆ స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ ఆమే. అదే పాట కేవలం కంట్రీ రేడియో ప్రసారాలను లెక్కించే జాబితాలో మొదటి ముప్పైలోకి కూడా రాలేదు. అంటే శ్రోతల తీర్పు ఒకటి, రేడియో తీర్పు మరొకటి. సంస్థ కోరినది పాటలో స్వచ్ఛత కాదు, తన గుమ్మం ముందు నిలబడి చెల్లించవలసిన మర్యాద. ఆ మర్యాద చెల్లించినవారికి తలుపు కొంత తెరుచుకుంటుంది, చెల్లించకుండా వచ్చినవారికి సంప్రదాయం గుర్తు చేస్తారు. జాతి ఈ వ్యవస్థలో లేదని కాదు. తలుపు ఎవరికి ఎంత సులువుగా తెరుచుకుంటుందన్నది నిర్ణయించేదే అది. 2019లో లిల్ నాస్ ఎక్స్ పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను కంట్రీ లక్షణాలు చాలవంటూ ‘బిల్‌బోర్డ్’ తన కంట్రీ జాబితా నుంచి తొలగించింది. ఆ పాటే తర్వాత అన్ని ప్రక్రియలకూ ఉమ్మడిగా ఉన్న ప్రధాన జాబితాలో 19 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. లక్షణ గ్రంథం ఎక్కడుందో, ఏ లక్షణం ఎంత కొరవడిందో ఎవరూ చెప్పలేదు.

రెండో వాదన ప్రవేశానికి సంబంధించినది: ఆమె పాప్ గాయని, బయటి నుంచి వచ్చింది. 1981లో హ్యూస్టన్‌లో పుట్టి, ఆ నగరపు రోడియో ఉత్సవాల మధ్య పెరిగిన టెక్సస్ మహిళను నాటుదనానికి బయటి వ్యక్తి అనడంలోనే ఈ వాదన బలహీనత తెలుస్తుంది. 2016లో ‘లెమనేడ్’ ఆల్బమ్‌లోని ‘డాడీ లెసన్స్’ను ఆమె డిక్సీ చిక్స్ బృందంతో కలిసి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వేదిక మీదే పాడారు. దానికి వచ్చిన వ్యతిరేకత అప్పట్లో పెద్ద వార్త. 2024 మార్చిలో ఆమె చేసిన ప్రకటన ప్రకారం, ఏళ్ల కిందట తనకు స్వాగతం లేదని స్పష్టంగా తెలిసిన ఒక అనుభవమే ఈ ఆల్బమ్‌కు ప్రేరణ. లోపలికి వచ్చినప్పుడు పొమ్మని, తర్వాత బయటిదానివని అనడం తర్కం కాదు.

మూడో వాదన అతి బలమైనది, అతి తక్కువగా పట్టించుకున్నది. ప్రపంచ ప్రసిద్ధి, అపార ధనం ఉన్న కళాకారిణి ఒక ప్రక్రియలోకి దిగితే, దశాబ్దాలుగా అందులోనే శ్రమించిన సామాన్య కళాకారుల చోటు ఇరుకవుతుందన్నది ఆ వాదన. ఇది స్వచ్ఛతా వాదం కాదు, న్యాయ వాదం. దీనికి సమాధానం ఆల్బమ్‌ను పొగిడితే రాదు. దాన్ని కింద మళ్లీ ఎత్తుకోవలసి ఉంది.

రెండో పూర్వపక్షం: ‘ఇది పుట్టింటి సొత్తు’

ఆల్బమ్‌ను సమర్థించినవారిలో అత్యధికులు ఎంచుకున్న మార్గం మూలాల మార్గం. బ్యాంజో పశ్చిమ ఆఫ్రికా సంతతివారు బానిసత్వంలో తమ వెంట తెచ్చుకున్న జ్ఞాపకంతో కట్టిన వాద్యం. సెనెగల్, గాంబియా ప్రాంతపు అకోంటింగ్ వంటి సొరకాయ బుర్ర వాద్యాలతో దానికి దగ్గరి పోలికలున్నాయి. హాంక్ విలియమ్స్‌కు గురువు రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. కాబట్టి కంట్రీ సంగీతం నల్లజాతివారిదే, బియాన్సే చేసినది ప్రవేశం కాదు, పునరాగమనం. ఆలిస్ రాండల్ 2024లో ప్రచురించిన ‘మై బ్లాక్ కంట్రీ’ ఈ దృష్టికి అత్యంత హృద్యమైన రూపం. డిఫోర్డ్ బెయిలీని తండ్రిగా, లిల్ హార్డిన్‌ను తల్లిగా, రే చార్ల్స్‌ను ప్రతిభాశాలి బిడ్డగా భావించి ఆమె ఒక కుటుంబ వృక్షాన్నే గీశారు.

ఈ పరిశోధన విలువను తక్కువ చేయడానికి వీల్లేదు. ‘మీకిక్కడ పని లేదు’ అన్న అబద్ధాన్ని బద్దలు కొట్టడానికి ఈ వాస్తవాలు అవసరం. అబద్ధాన్ని ఖండించే సాక్ష్యాన్ని యాజమాన్య పత్రంగా మార్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. బ్యాంజో ఆఫ్రికాదైతే, ఫిడేలు బాణీల్లో అధిక భాగం బ్రిటిష్ దీవులవి. కంట్రీ సంగీతానికి గుర్తుగా మారిన స్టీల్ గిటారు హవాయి ద్వీపవాసుల ఆవిష్కారం. యోడెల్ ఆల్ప్స్ పర్వత ప్రాంతాలది. కౌబాయ్ వేషం, లాసో, రోడియో అన్న మాటలు మెక్సికో పశుపాలకుల నుంచి వచ్చాయి. మూలాన్నిబట్టి పట్టా ఇవ్వాలంటే ఈ భూమిని ఎన్ని ముక్కలు చేయాలి? ఆ ముక్కల్లో ఏ పాట నిలబడుతుంది?

మరొక ప్రమాదం కూడా ఉంది. పుట్టుకే అర్హత అన్న సూత్రం బియాన్సేకు తలుపు తీస్తే, అదే సూత్రం మరొకరికి తలుపు మూస్తుంది. రే చార్ల్స్ 1962లో కంట్రీ పాటలను తన పద్ధతిలో పాడి ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ వెలువరించినప్పుడు ఆయన ఎవరి తాతల బాణీలనూ రుజువు చూపలేదు. పాట నచ్చింది, పాడాడు. ఆ స్వేచ్ఛను పుట్టింటి వాదం గుర్తించలేదు. వారసుని హక్కు కాపాడే వాదం అతిథి హక్కును కాపాడలేదు. కళలో మాత్రం అతిథి లేని ఇల్లు లేదు.

రియానన్ గిడెన్స్ ఉదాహరణ ఈ వాదపు పరిమితిని మరో కోణంలో చూపుతుంది. ఉత్తర కరొలైనాకు చెందిన నల్లజాతి ఫిడేలు వాద్యకారుడు జో థాంప్సన్ దగ్గర ఆమె, ఆమె సహచరులు నేర్చుకుని ‘కరొలైనా చాకొలేట్ డ్రాప్స్’ బృందంగా ఏర్పడ్డారు. వారి ఆల్బమ్‌కు 2011లో గ్రామీ వచ్చింది, సంప్రదాయ జానపద విభాగంలో. బ్యాంజో నల్లజాతిదని ప్రపంచానికి చాటిన బృందానికి దొరికిన గౌరవం అది. అయితే అది గతానికి కేటాయించిన అరలో దొరికింది. కంట్రీ అనే వర్తమాన విపణిలో కాదు. మూలాన్ని ఒప్పుకోవడం సంస్థలకు కష్టం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మూలం మీది, రాబడి మాది అన్న ఒడంబడికలో వాటికి నష్టమేమీ లేదు. ‘టెక్సస్ హోల్డ్ ఎమ్’ ఆరంభంలో వినిపించే బ్యాంజో గిడెన్స్‌దే. ఆ వాద్యం జానపదపు అర నుంచి అంగడి నడిబొడ్డుకు చేరడం విశేషమే. చేర్చినది వంశావళి కాదు, బియాన్సే విపణి బలం.

ఆల్బమ్‌లోని వైరుధ్యం

ఇది కంట్రీ ఆల్బమ్ కాదనీ, తన ఆల్బమ్ అనీ బియాన్సే విడుదలకు ముందే ప్రకటించారు. అయితే ఇరవై ఏడు ఖండాల ఈ సంపుటి కల్పిత రేడియో కార్యక్రమంగా సాగుతూ, ఆ ప్రక్రియ పెద్దలను ఒక్కొక్కరినే సాక్షులుగా ప్రవేశపెడుతుంది. విల్లీ నెల్సన్ వ్యాఖ్యాతగా వస్తారు. డాలీ పార్టన్ తన ‘జొలీన్’ పాటకు తానే ముందుమాట చెబుతారు. పట్టా అక్కరలేదన్న మనిషి ఇంతమంది సాక్షి సంతకాలు ఎందుకు సేకరించినట్టు? ప్రశంసకుల వ్యాసాల్లో ఈ ప్రశ్న కనిపించదు. నిజానికి ఆల్బమ్‌లోని బలహీన ఘట్టాలు ఇవే. పెద్దల ఆశీస్సు కోరడమంటే వారి అధికారాన్ని ఒప్పుకోవడమే. ‘జొలీన్’లోని వేడుకోలును హెచ్చరికగా మార్చిన ధైర్యం, ఆ పాటకు ముందు అనుమతి పత్రం చదివించడంతో కొంత పలచబడింది.

దీనికి భిన్నమైన ఘట్టం నెల్సన్ కార్యక్రమపు ఆరంభంలోనే ఉంది. రేడియో మీట తిప్పుతున్నట్టు ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి శబ్దం జారుతుంది. 1920ల నాటి నల్లజాతి యోడెల్ గాయకుడు చార్ల్స్ ఆండర్సన్, బ్లూస్ గాయకుడు సన్ హౌస్, భక్తిగీతాన్ని విద్యుత్ గిటారుతో ఊపిన సిస్టర్ రొజెటా థార్ప్, చక్ బెర్రీ వరసగా తునకలు తునకలుగా వినిపిస్తారు. చక్ బెర్రీ ‘మేబెలీన్’ 1955 నాటిది. బాబ్ విల్స్ బృందం వాయించిన ‘ఐడా రెడ్’ అనే ఫిడేలు బాణీ నుంచి అది పుట్టింది. నల్లజాతి గాయకుడు తెల్లజాతివారి నృత్యగీతాన్ని తీసుకుని రాక్ అండ్ రోల్ చేశాడు. యోడెల్ ఆల్ప్స్ నుంచి వచ్చి నల్లజాతి వేదిక ఎక్కింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ పట్టా చూపడం లేదు. ఒక నిమిషం సేపు మీట మాత్రమే తిరుగుతుంది, హద్దులు వాటంతట అవే చెరుగుతాయి. ఈ ఆల్బమ్ సిద్ధాంతం అత్యంత స్పష్టంగా పలికినది పాటలో కాదు, ఈ తునకల వరసలో.

ఇక లిండా మార్టెల్. 1969లో ‘గ్రాండ్ ఓల్ ఒప్రీ’ వేదిక మీద ఏకగాయనిగా పాడిన తొలి నల్లజాతి మహిళ ఆమె. 1970లో ‘కలర్ మీ కంట్రీ’ అనే ఒక్క ఆల్బమ్ వచ్చింది. దాన్ని విడుదల చేసిన సంస్థ పేరు ప్లాంటేషన్ రికార్డ్స్. బానిసల చేత చాకిరీ చేయించిన తోటల పేరు అది. ఆ పేరు మీద తనకు అభ్యంతరం ఉండేదని ఆమె తర్వాత చెప్పారు. త్వరలోనే ఆమె ఆ రంగానికి దూరమయ్యారు. స్వరాష్ట్రమైన దక్షిణ కరొలైనాలో బడి బస్సు నడపడం వంటి పనులు చేసి బతికారు. ‘కౌబాయ్ కార్టర్’లోని ‘స్పగెట్టీ’ అనే ఖండం ఆమె మాటలతో మొదలవుతుంది. సంగీత ప్రక్రియలు చిత్రమైన భావన అనీ, సిద్ధాంతంలో వాటికి నిర్వచనాలు సులువే కాని ఆచరణలో కొందరికి అవి ఇరుకనిపిస్తాయనీ ఆమె చెప్పే మాటల సారం. ఆ మాటలు చెప్పిన ఖండానికే ఎనభై మూడేళ్ల వయసులో ఆమెకు జీవితంలో మొదటి గ్రామీ నామినేషన్ లభించింది. ఏ విభాగంలో? ర్యాప్ విభాగంలో. కంట్రీ గాయనిగా తలుపు మూయించుకున్న మనిషికి అర్ధశతాబ్దం తర్వాత గౌరవం వచ్చి, అది కూడా హద్దుకు అవతలి అరలోనే పడింది. మూలాల వాదం ఈ వ్యంగ్యాన్ని వివరించలేదు. హద్దు రాళ్ల చరిత్ర వివరించగలదు.

పైన వాయిదా వేసిన మూడో వాదనకు సమాధానం కూడా ఇక్కడే వెదకాలి. ‘బ్లాక్‌బర్డ్’ పునర్గానంలో బియాన్సేతో గొంతు కలిపిన టానర్ అడెల్, బ్రిట్నీ స్పెన్సర్, టియెరా కెనెడీ, రేనా రాబర్ట్స్ నలుగురూ నల్లజాతి కంట్రీ గాయనులే. ఒక పెద్ద చెట్టు నీడలో వారికి వెలుగు దొరికింది, నిజమే. కాని సంస్థ గుమ్మం దగ్గర రోజూ నిలబడవలసినది వారే కాని బియాన్సే కాదు. ఆమె మరో ఆల్బమ్‌కు, మరో ప్రక్రియకు వెళ్లగలరు. కాబట్టి ఆమె విజయాన్ని న్యాయం జరిగినదానికి రుజువుగా లెక్కించడం తొందరపాటు. మినహాయింపు గెలిచినప్పుడు నియమం ఓడిపోదు. ఒక్కోసారి మినహాయింపునే చూపి నియమం మరింత స్థిరపడుతుంది.

తెలుగు అధ్యయనానికి దీనితో పని

ఇది అమెరికా తగాదా అని తెలుగు పరిశోధన పక్కన పెట్టడానికి వీల్లేదు. దేశి, మార్గ అన్న విభజనతో కావ్య చరిత్ర రాసుకున్న సాహిత్యం తెలుగు. పాల్కురికి సోమనాథుడు ద్విపదను, జానుతెనుగును సమర్థించుకోవలసి వచ్చిందంటే, ఛందస్సు కూడా ఒక హద్దు రాయిగా పనిచేసిందని అర్థం. నండూరి సుబ్బారావు ఎంకి పాటలు పల్లె పలుకుబడిలో ఉన్నాయి. వాటిని భావకవిత్వంలో భాగంగా పాఠం చెబుతారు. అదే పలుకుబడిలో ఊళ్లో స్త్రీలు పాడుకున్న పాటకు ‘జానపద గేయ సాహిత్యం’ అనే వేరే పత్రం, వేరే సిలబస్. రెండింటి మధ్య తేడా భాషలో లేదు, బాణీలో అంతకన్నా లేదు. కర్త ఎవరన్నదానిలో ఉంది. విద్యావంతుని నాటుమాట కవిత్వమైంది, నాటు మనిషి నాటుమాట సేకరణ సామగ్రి అయింది.

ఈ కాలపు ఉదాహరణ కూడా ఉంది. 2021లో ఒక సినిమా కోసం ‘సారంగ దరియా’ పాటను తీసుకున్నప్పుడు, దాన్ని ముందుగా వెలుగులోకి తెచ్చినవారికి, తిరగరాసిన కవికి, సినిమాకు పాడినవారికి మధ్య హక్కుల చర్చ రేగింది. ఆ చర్చ కూడా వెంటనే ‘అసలు పాట ఎవరిది’ అన్న మూలాల ప్రశ్నగా మారింది. అసలు అడగవలసిన ప్రశ్న వేరు: ఊరుమ్మడి పాట విపణిలోకి వచ్చే దారిలో పేరు ఎక్కడ చేరుతుంది, ఎక్కడ జారిపోతుంది, ఆ దారి మీద సుంకం ఎవరు వసూలు చేస్తారు? కార్టర్, రిడిల్‌ల కథ చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న అడగడం చేతనవుతుంది. ఇంకా ముఖ్యంగా, సేకరణకు వెళ్లినప్పుడు తన నోటుపుస్తకంలో ఎవరి పేరు రాయాలో తెలుస్తుంది.

ఉపసంహారం

‘కౌబాయ్ కార్టర్’ పురస్కారం పొందిన నాలుగు నెలలకు, 2025 జూన్‌లో, గ్రామీ నిర్వాహక సంస్థ ఉత్తమ కంట్రీ ఆల్బమ్ విభాగాన్ని రెండు చేసింది. పాత విభాగం ‘సమకాలీన కంట్రీ’ అయింది, కొత్తగా ‘సంప్రదాయ కంట్రీ’ ఏర్పడింది. ఈ ప్రతిపాదన అంతకు ముందు నుంచే ఉందని సంస్థ చెప్పింది. దాన్ని శంకించవలసిన పని లేదు. ఎందుకంటే ఉద్దేశం ఏదైనా, ఫలితం కళ్లెదుట ఉంది. తలుపు తెరుచుకున్న మరుక్షణం లోపల మరో గది కట్టారు, దానికి సంప్రదాయం అన్న పేరు పెట్టారు.

ఆ గదిలోకి ఎవరు అర్హులన్న చర్చ ఇక మొదలవుతుంది. మళ్లీ కొందరు వంశవృక్షాలు తెస్తారు, మరికొందరు అంతకంటే పాత వంశవృక్షాలు తెస్తారు. ఆ వృక్షాల కింద కూర్చుని తీర్పు చెప్పడం విమర్శకుని పని కాదు. గోడ ఎప్పుడు లేచింది, రాయి ఎవరు మోశారు, కూలి ఎవరికి ముట్టింది అని అడగడమే అతని పని. లెస్లీ రిడిల్ జ్ఞాపకం పెట్టుకున్న బాణీలకు, లిండా మార్టెల్ పాడకుండా మిగిలిపోయిన రెండో ఆల్బమ్‌కు, ఏ పురస్కారమూ లెక్క చెప్పదు. ఆ లెక్క రాయవలసిన బాధ్యత పరిశోధనది.